అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్: అట్ట ఊడిన కామిక్స్ కొనేవాళ్లకు ఒక రివ్యూ

కామిక్స్ వరకైతే హైదరాబాద్ అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారుకు నేనిచ్చే మార్కు ఐదుకు నాలుగు. ఎంసెట్ గైడ్లు, ఇంగ్లీషు నవలలు, ఇంజనీరింగ్ పుస్తకాల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోను. నేను అక్కడికి వెళ్లేది బొమ్మల కోసం. ఇంకా ఉన్నమాట చెప్పాలంటే, ఆ బొమ్మ వేసిన చెయ్యి కోసం.

ఎప్పుడూ వెళ్లనివాళ్లకు రెండు మాటలు. ఆదివారం అబిడ్స్‌లో చాలా షాపులు షట్టర్ దించేస్తాయి. ఆ షట్టర్ల ముందే ఫుట్‌పాత్ మీద పట్టా పరిచి పాత పుస్తకాలు కుప్పపోస్తారు. నాంపల్లి మెట్రోలో దిగితే నడిచి రావచ్చు. బండి మీద వస్తే పార్కింగ్ టెన్షన్ మీదే. పొద్దున్నే వస్తే కట్టలు అప్పుడే విప్పుతుంటారు, మంచివి అప్పుడే పోతాయి. మధ్యాహ్నం ఎండకు పుస్తకంతో పాటు మనమూ వాడిపోతాం. పొట్టకు లోటు లేదు, తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ తిని కాఫీ తాగి రెండో రౌండు కొట్టొచ్చు.

నేను బోర్డులు రాసే పనిలో పెరిగినవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షులు డబ్బాలో పెట్టి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అయినా కన్ను మాత్రం పాత పనిలోనే ఉంది. ఏ పేజీ తిప్పినా కథకంటే ముందు గీత కనపడుతుంది. ఇది బ్రష్షుతో లాగిందా, నిబ్బుతో గీకిందా, ఎక్కడ చెయ్యి ఆగింది, ఎక్కడ ధైర్యంగా పోయింది, అవే చూస్తాను.

ఈ బజార్లో ఆ కన్ను డబ్బు మిగులుస్తుంది. ఇక్కడ కామిక్ ధర అట్టను బట్టి ఉంటుంది. అట్ట నిగనిగలాడుతుంటే అమ్మేవాడు ముందు ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో రేటు చూస్తాడు. అట్ట ఊడిపోయిందా, అది కుప్పలోకి పోతుంది, ఏది తీసుకున్నా ఒకటే రేటు. అమర్ చిత్ర కథ పాత పుస్తకాల్లో బొమ్మలు వేసినాయన పేరు ఉండేది అట్ట లోపలి వైపే. అట్ట పోతే పేరు కూడా పోయినట్టే. అమ్మేవాళ్లకు అది పేరూ ఊరూ లేని పుస్తకం. గీత గుర్తుపట్టగలిగిన వాడికి మాత్రం అందులో సంతకం ప్రతి గడిలోనూ కనిపిస్తుంది.

కుప్పలో ఎక్కువగా దొరికేవి అమర్ చిత్ర కథలే, వాటితోనే మొదలుపెడతాను. అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన సిరీస్ ఇది. మొదటి పది సంచికలూ పరాయి దేశాల కథలవి, పదకొండోది 'కృష్ణ'. దాని బొమ్మలు రామ్ వాయీర్కర్‌వి. ఆయన గీత గుండ్రం. చిన్ని కృష్ణుడి బుగ్గ, చెయ్యి, పొట్ట అన్నీ ఒకే ఊపులో తిరిగిన గీతలు, మధ్యలో ఎక్కడా బ్రష్షు ఎత్తినట్టు అనిపించదు. బోర్డు మీద 'ఠ' అక్షరం రాసేవాడికి ఆ గుండ్రం ఎంత కష్టమో తెలుస్తుంది. ఈయనే తర్వాత పిల్లల కామిక్ పత్రిక టింకిల్‌లో సుప్పండిని గీశాడు. దేవుణ్ని గీసిన చెయ్యే దద్దమ్మను కూడా గీయడం నాకు భలే ఇష్టమైన సంగతి. సుప్పండికి ఏదైనా పని చెప్పినప్పుడు వాడి ముఖం ఒక్కటే స్పందించదు. మెడ సాగుతుంది, మోకాళ్లు వంగుతాయి, వేళ్లు విచ్చుకుంటాయి. మాటలు చేత్తో మూసి చూసినా ఏం జరుగుతోందో తెలిసిపోతుంది. కుప్పలో వాయీర్కర్‌ను పట్టుకోవాలంటే ఇదే గుర్తు: మాటల బుడగ మూసి చూడండి. వాయీర్కర్ పోయాక వాళ్లమ్మాయి అర్చనా అంబేర్కర్ సుప్పండిని గీస్తూ వచ్చారు. ఇంటి చెయ్యి అక్కడే నిలబడింది.

పాత అమర్ చిత్ర కథల్లో ఇంకొకటి వెతుకుతాను, ఇది ప్రింటింగ్ తెలిసినవాళ్ల పిచ్చి. మొదట్లో డబ్బుల ఇబ్బంది వల్ల లోపలి బొమ్మలకు పసుపు, నీలం, ఆకుపచ్చ మాత్రమే వాడిన సంచికలు ఉన్నాయి. ఎరుపు లేదు. కళ్లకు అలవాటు పడటానికి ఒక నిమిషం పడుతుంది, ఆ తర్వాత ఆ పేజీలు చాలా బాగుంటాయి. రంగు తక్కువైనకొద్దీ గీత మీద బరువు పడుతుంది, గీసినవాడి సత్తా ఎంతో అక్కడే బయటపడుతుంది. ఈమధ్య వచ్చే ప్రింట్లు నున్నటి కాగితం, కంప్యూటర్‌లో వేసినట్టున్న మెరుపు రంగులు. పిల్లలకు కొనిపెట్టడానికి అవి సుఖం, చిరగవు. కానీ ఆ రంగు ఛాయలు గీత మీదెక్కి కూర్చుంటాయి. అదే పుస్తకం పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే నేను పాతదే తీసుకుంటాను, పేజీ పసుపెక్కి ఉన్నా సరే.

ప్రతాప్ ములిక్ వేరే లోకం. 'రామ' ఆయనదే, పెద్ద పుస్తకంగా వచ్చిన వాల్మీకి రామాయణమూ ఆయనదే. ఒంట్లో ఎముక ఎక్కడుంది, దాని మీద కండ ఎలా చుట్టుకుంది అన్నది తెలిసి గీసిన బొమ్మలు. విల్లు లాగితే భుజంతో పాటు వీపు కూడా కదులుతుంది. నీడలు బ్రష్షుతో దట్టంగా వేస్తాడు, వెలుతురు ఎటు నుంచి వస్తోందో చెప్పేయొచ్చు. మన ఇళ్లలో కేలండర్ దేవుళ్లకు రవివర్మ ఇచ్చిన ఆ నిండుదనం ఉంది, దానికి ములిక్ కదలిక కలిపాడు. నాకు ఆయన స్త్రీ పాత్రల కంటే రాక్షసులు బాగా నచ్చుతారు. అందగాళ్లను గీసేటప్పుడు చెయ్యి కొంచెం భయభక్తులతో ఉంటుంది, రాక్షసుడి దగ్గర స్వేచ్ఛగా పోతుంది.

ఇదే ములిక్‌ను హిందీ సూపర్‌హీరోల రాజ్ కామిక్స్ కుప్పలోనూ పట్టుకోవచ్చు. నాగరాజ్ 1986లో వచ్చాడు. మొదటి రోజుల నాగరాజ్ బొమ్మల్లో ములిక్ చెయ్యి ఉంది. ఆకుపచ్చ ఒళ్లు, మణికట్టులోంచి పాములు, అంత విడ్డూరంలోనూ కండలు మాత్రం రాముడి పుస్తకంలో ఉన్నవే. తర్వాత వచ్చిన అనుపమ్ సిన్హా పూర్తిగా వేరు. సూపర్ కమాండో ధ్రువ్ ఆయన సృష్టి, ఆ తర్వాత నాగరాజ్‌ను కూడా గీశాడు. పేజీ నిండా జనం, గడి గీత దాటి బయటికొచ్చే చేతులు, కిందపడేవాడు పడుతూనే ఉండటం. ఒక్క పేజీ చదవడానికి ములిక్ రెండు పేజీలంత సేపు పడుతుంది. హైదరాబాద్‌లో హిందీ చదివేవాళ్లు ఎక్కువ కాబట్టి రాజ్ కామిక్స్ బాగానే దొరుకుతాయి, కాకపోతే చేతులు మారీ మారీ నలిగిపోయి ఉంటాయి. పిన్నులు తుప్పుపట్టి ఉంటే మధ్య పేజీలు ఉన్నాయో లేదో తప్పకుండా చూసుకోండి.

దిలీప్ కదమ్ గురించి మాట్లాడితే మహాభారతం గురించి మాట్లాడాలి. 1980ల్లో అమర్ చిత్ర కథ వాళ్లు 42 సంచికలుగా తెచ్చిన సిరీస్ అది. ఇప్పుడు మూడు సంపుటాలుగా గట్టి అట్టతో కొత్తది కూడా దొరుకుతుంది, పుస్తకాల షెల్ఫులో చాలా గొప్పగా కనిపిస్తుంది. ఫుట్‌పాత్ మీద మాత్రం విడివిడి సంచికలే వస్తాయి. ఒకటి దొరికితే ముందూ వెనకా దొరకవు. ములిక్‌తో పోలిస్తే కదమ్ గీత సన్నం. ఒక్క మనిషిని నిలబెట్టడంలో కాదు ఆయన గొప్ప, సభను నిండుగా కూర్చోబెట్టడంలో ఉంది. జూద సభ చూడండి, లేదా యుద్ధంలో రథాలు ఒకదాని మీద ఒకటి ఎక్కే పేజీ చూడండి. అంతమందిలో భీష్ముడెవరో, ద్రోణుడెవరో వెతుక్కోనక్కర్లేదు. ఇంతమంది మనుషుల ముఖాలు, గడ్డాలు, నగలు సంచికల తరబడి గుర్తుంచుకోవడం మామూలు పని కాదు. నేను ఒకే హీరో బొమ్మ రెండు హోర్డింగుల మీద గీస్తే రెండు ముఖాలు వచ్చిన రోజులున్నాయి, మా ఊరి పెయింటర్లందరికీ ఉన్నాయి.

యూసుఫ్ లియెన్ పుస్తకం చేతికొస్తే మాత్రం నేను బేరం కూడా గట్టిగా చేయను. అమర్ చిత్ర కథల్లో 'మీరాబాయి' ఆయనది. రాజస్థానీ చిన్న చిత్రాల ఛాయ ఉంటుంది అందులో. పక్కకు తిరిగిన ముఖం, పొడుగాటి కన్ను, వెంట్రుకంత సన్నని గీత, చీర అంచు మీద ఓపిగ్గా కూర్చుని వేసిన డిజైను. కండలు లేవు, దెబ్బలాట లేదు. మామూలుగా కామిక్‌లో గడి నుంచి గడికి పరుగెత్తుతాం, ఈయన దగ్గర ఒక్కో గడి దగ్గర ఆగిపోతాం. పిల్లలకు ఇది కొంచెం బోర్ కొట్టవచ్చు, నా చిన్నప్పుడు నాకూ అంతే. అమ్మేవాళ్లకు ఈ తేడా పట్టదు కాబట్టి మనకే లాభం.

ఇంద్రజాల్ కామిక్స్ విషయానికొస్తే ధరలు ఎక్కిపోయాయి, అది ముందే చెప్పాలి. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964లో మొదలుపెట్టి 1990లో ఆపేశారు. దాచుకునేవాళ్లు ఎక్కువయ్యారు, సరుకు తగ్గింది. అట్ట ఉన్న సంచికకు అడిగే రేటు వింటే నవ్వొస్తుంది. అట్టలకు ఆ విలువ ఊరికే రాలేదు లెండి. గోవింద్ బ్రహ్మణియా రంగులతో వేసిన అట్టలవి, సినిమా వాల్‌పోస్టర్ లాగా రోడ్డు అవతలి నుంచి పిలుస్తాయి. లోపల కథ పేలవంగా ఉన్నా అట్ట చూసి కొనేసేవాళ్లం. ఆయనే బహదూర్ లోపలి బొమ్మలు కూడా వేశాడు. బహదూర్ 1976లో ఆబిద్ సూర్తి సృష్టించిన మనిషి: కాషాయం కుర్తా, కింద జీన్స్. అందులోని బందిపోట్లు, జీపులు, ఊరి పెద్దల ముఖాలు మన బస్టాండులో కనపడే ముఖాలే. అమెరికా నుంచి వచ్చిన ముసుగు వీరుడు ఫాంటమ్ పక్కన అది ఎంత తేడాగా ఉండేదో అప్పట్లో చదివినవాళ్లకు గుర్తుంటుంది.

ఫాంటమ్‌కు అట్ట లేకపోతే మరీ మంచిది. ఎందుకంటే లోపల ఇద్దరు వేర్వేరు మనుషులుంటారు, ఎవరో తెలిస్తే ఏది తీసుకోవాలో తెలుస్తుంది. మొదటి సంచికల్లో విల్సన్ మెక్‌కాయ్ బొమ్మలు. గీతలు సూటిగా, మనుషులు బిగదీసుకుని నిలబడి ఉంటారు, వెనకాల అడవి అంటే నాలుగు ఆకులు. చాలామంది వాటిని పిల్లల బొమ్మలని తీసిపారేస్తారు. నాకు అందులో ఒక అమాయకత్వం కనిపిస్తుంది, దూరం నుంచి కూడా చదవగలిగే స్పష్టత ఉంది, బోర్డుకు కావాల్సింది అదే కదా. 1961 నుంచి సై బ్యారీ వచ్చాడు, 1994 దాకా ఆయనే. మన తరానికి ఫాంటమ్ అంటే ఈయన ఫాంటమే. సిరా మీద అంత పట్టున్నవాణ్ని నేను తక్కువ చూశాను. ఒకే గీత సన్నగా మొదలై, కండ దగ్గర లావై, మళ్లీ సన్నగా ముగుస్తుంది. గుహలో సగం ముఖం పూర్తి నల్లగా వదిలేస్తాడు, భయపడకుండా. అది చెయ్యాలంటే గుండె ధైర్యం కావాలి, నలుపు వేశాక తుడవడానికి ఉండదు.

ఒక సంగతి గమనించండి. ఇవి అసలు పుస్తకం కోసం గీసినవి కావు, రోజూ పేపర్లో మూడు నాలుగు గడుల చొప్పున వచ్చిన స్ట్రిప్పులు. అందుకే ప్రతి కొన్ని గడులకూ ఒక చిన్న ఉత్కంఠ, రేపటి దాకా ఆపే కొక్కెం ఉంటుంది. తెలిసి చదివితే ఎక్కడ ఒక రోజు ముగిసిందో పట్టుకోవచ్చు. మాంత్రికుడు మాండ్రేక్ కథలకు కూడా ఇదే వరస. ఫిల్ డేవిస్ గీసినవి ఇస్త్రీ మడత నలగనంత నీటుగా ఉంటాయి, తర్వాత వచ్చిన ఫ్రెడ్ ఫ్రెడరిక్స్ గీత కొంచెం గీకినట్టుంటుంది. నా ఓటు డేవిస్‌కే.

చాచా చౌధరి కావాలంటే వెతకనక్కర్లేదు, కాలికి తగులుతాయి. వాటిని గీసిన ప్రాణ్ గారి బొమ్మలను ఆర్టు తెలిసినవాళ్లం అనుకునేవాళ్లు చిన్నచూపు చూస్తారు. లావుపాటి గీత, వెనకాల ఏమీ ఉండదు, పేజీ పేజీకీ అవే పోజులు. నేను ఒప్పుకోను. ఎర్ర తలపాగా, తెల్ల మీసం, చేతికర్ర: ఈ మూడే గీసి ఇవ్వండి, దేశంలో సగం మంది పేరు చెబుతారు. ఇక సాబూ, బృహస్పతి గ్రహం నుంచి వచ్చినవాడు, గడిలో పట్టడు కాబట్టి చాలాసార్లు కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. వాడికి కోపం వస్తే ఎక్కడో అగ్నిపర్వతం బద్దలవుతుంది. అంత పెద్ద విషయాన్ని అంత తక్కువ సిరాతో చెప్పడం చేతకాక చేసింది కాదు.

టిన్‌టిన్, ఆస్టెరిక్స్ ఇక్కడ చవకగా దొరుకుతాయని ఆశపెట్టుకోకండి. వాటి విలువ అమ్మేవాళ్లకు బాగా తెలుసు. దొరికితే రెండూ పక్కన పెట్టి చూడండి. టిన్‌టిన్ గీసిన ఎర్జే గీతకు మొదటి నుంచి చివరి దాకా ఒకటే మందం, నీడ లేదు, రంగు చదునుగా పరిచి ఉంటుంది, ఓడ తాడు కూడా ముఖం గీసినంత శ్రద్ధగా గీస్తాడు. ఆస్టెరిక్స్ గీసిన ఉదెర్జో దగ్గర గీత ఉబ్బుతుంది, తగ్గుతుంది, ముక్కులూ పాదాలూ పెరిగిపోతాయి, దెబ్బ తిన్న రోమన్ సైనికుడు చెప్పులు వదిలేసి గాల్లోకి లేస్తాడు. అంత రంగుల పుస్తకాలు వేసిన ఉదెర్జోకు రంగులు సరిగా కనపడని లోపం ఉండేదట. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు రెండు రోజులు అదే ధ్యాస.

ఇక మన తెలుగు కామిక్స్. తెలుగు కామిక్ పుస్తకం కోసం వస్తే నిరాశ తప్పదు, నేను కోసిన ఒక మార్కు అక్కడే పోయింది. చందమామలు దొరుకుతాయి, అవి కామిక్స్ కావు గానీ శంకర్ వేసిన విక్రమార్కుణ్ని, చిత్ర వేసిన మాంత్రికుల్ని, వ.పా. (వడ్డాది పాపయ్య) అట్టలను వదిలేసి రావడం ఎవరి తరం. అసలు తెలుగువాడి కామిక్ చేతికి రావాలంటే చిన్న చిట్కా ఉంది. ఇంగ్లీషు వారపత్రిక ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ పాత కట్టలు అడగండి. 1960ల నాటి సంచికల్లో బుజ్జాయి గీసిన పంచతంత్రం వరసగా వచ్చింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి ఆయన. నక్క నడకలో నక్క బుద్ధి కనపడుతుంది, జంతువు జంతువులాగే ఉంటూ మనిషిలా మాట్లాడుతుంది. వీక్లీ పెద్ద సైజు పత్రిక కాబట్టి బొమ్మలు కూడా విశాలంగా ఉంటాయి. ఎవరూ కామిక్ అనుకుని ఆ కట్టల వైపు రారు.

ఇప్పుడు జాగ్రత్తలు. ప్లాస్టిక్ కవర్లో సీలు వేసి కట్టగా ఇచ్చేది విప్పించి చూడందే డబ్బు ఇవ్వకండి. "పూరా టింకిల్ సెట్ సాబ్" అని ఒకతను నాకిచ్చిన కట్టలో పైన మూడు టింకిల్, కింద రెండో తరగతి డ్రాయింగ్ పుస్తకాలు. ఇంకోచోట రెండు వేర్వేరు కామిక్స్ లోపలి పేజీలు కలిపి ఒకే పిన్ను కొట్టి పెట్టారు. దాన్ని పట్టుకోవడానికి కూడా గీతే సాక్ష్యం, పదహారో పేజీ నుంచి హీరో ముక్కు మారిపోయింది. లైబ్రరీ ముద్రలు, బాల్‌పెన్ను మీసాలు మామూలే, వాటికి రేటు తగ్గించమని అడగొచ్చు. రంగు గీత నుంచి పక్కకు జరిగి ఉంటే అది పుస్తకం పాడవడం కాదు, ప్రింటింగ్‌లో ప్లేటు కదిలిందన్నమాట. నాలాంటివాళ్లకు అది కూడా ముద్దే. బేరం ఆడేటప్పుడు మీకు కావాల్సిన పుస్తకాన్ని మధ్యలో పెట్టి నాలుగు కలిపి అడగండి. కళ్లు ఒకదాని మీదే నిలిపారా, అతను ధర మీ ముఖంలో చదివేస్తాడు. చిల్లర నోట్లు ఉంచుకోండి, ఫోన్‌తో చెల్లించడం దాదాపు అందరి దగ్గరా నడుస్తుంది కానీ నోటు చూపిస్తే బేరం త్వరగా తెగుతుంది. వాన పడేలా ఉంటే వెళ్లొద్దు, చినుకు పడగానే పట్టా కప్పేస్తారు.

చివరగా ఒక మనవి. యూసుఫ్ లియెన్ 'మీరాబాయి' పాత ప్రింటు, అట్ట లేకపోయినా పర్వాలేదు, ఎవరి దగ్గరైనా రెండోది అదనంగా ఉంటే కింద చెప్పండి. బదులుగా సై బ్యారీ ఫాంటమ్‌లు రెండు ఇస్తాను, గుహ బొమ్మలు ఉన్నవే.